కొలవని వాన

కంప్యూటర్‌ను నడిపించే కెర్నల్ లోపల ఏ పని ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెట్టే కోడ్ ఒకటుంటుంది. రెండు వేల దశకం చివర్లో, అనంతపురంలో మా ఇంటి ముందు గదిలో కూర్చుని నేను చూసుకునే పని అదే. అన్నిటినీ ఒకేసారి లెక్కపెట్టడం కుదరదు. వంతు రానివాటి పక్కన ‘లెక్కించలేదు’ అని పడాలి. కోడ్ శుభ్రం చేస్తున్నానని మురిసిపోతూ, అలా పడేలా చూసే షరతును నేను పీకేశాను. కొత్త వెర్షన్‌లో వాటన్నిటికీ సున్నా పడుతోందని ఎవరో ఫిర్యాదు రాశారు.

బెంగళూరు నుంచి పై అధికారి ఫోన్ చేశాడు. “సున్నా పడితే కొంపలేం మునగవు, వచ్చే నెల చూద్దాం” అన్నాడు.

“మునుగుతాయి సార్” అని ఫోన్ పెట్టేశాను. నాకు ఒళ్లు మండింది, ఆయన మీద కాదు.

నేను ఇంటర్ చదివేటప్పుడు, కదిరి దగ్గర మా ఊళ్లో వాన కొలిచే పని నాయనది. మండలాఫీసు ఆవరణలో వాన నీళ్లు పట్టే డబ్బా ఉండేది. రోజూ పొద్దున అందులో నీళ్లు కొలిచి, పారబోసి, పుస్తకంలో అంకె వేసేవాడు. ఒకసారి జ్వరమొచ్చి మూడు రోజులు నన్ను పొమ్మన్నాడు. డబ్బా మైలు దూరం. మా ఇంటి మీద చినుకు లేదు. ఇంకెందుకు పోవడమని అరుగు మీద కూర్చునే మూడు సున్నాలు వేశాను.

నాయన స్నేహితుడొకాయన అనంతపురంలో మూటలు మోసేవాడు. ఆయన చేను ఆ ఆఫీసు వెనకే. ఎవరేం చెప్పినా నమ్మడు, నాయన పుస్తకంలో అంకె ఒక్కటే నమ్ముతాడు. మూడో రోజు పక్కింటి ఫోనుకు చేశాడు.

“ఏమప్పా, వాన పడిందా?”

నాయన పుస్తకం చూసి, “లేదన్నా, సున్నా” అన్నాడు.

ఆయన రాలేదు, విత్తడానికి గొర్రు కట్టలేదు. ఆ వెనక వాన చేయిచ్చింది. ఆ మూడు రోజుల్లో ఆఫీసు వైపు పడిన వాన పదునులో విత్తినవాళ్లకే నాలుగు కాయలు దక్కాయి. ఆయన చేను అమ్ముకున్నాడు. మళ్లీ మా గడప తొక్కలేదు. బీడుపడిన ఆ చేని పక్కగా బస్సులో పోవాల్సి వస్తే ఇప్పటికీ నేను అటు చూడను.

పీకేసిన షరతు తిరిగి పెట్టి నడిపాను. తెరమీద ‘లెక్కించలేదు’ అని పడింది. ఆ ఒక్క మాట ఆనాడు రాయలేకపోయానే అని ఏడుపొచ్చింది. లేచి వరండాలోకి వెళ్లాను. నాయన శనక్కాయలు ఒలుస్తున్నాడు.

“నాయనా, ఆ మూడు దినాలూ నేను డబ్బా దగ్గరికి పోలేదు.”

“తెలుసులే. నాలుగో దినం నేను పోతే డబ్బాలో నీళ్లుండె.”

“మరి ఆయనకు చెప్పలేదా?”

“చెప్పకుండా యాడికి పోతా? జరమొచ్చి నేనే పోలేదు, కూసోని సున్నాలేసినా అని చెప్పినా.” గింజలు చేటలో వేశాడు. “సచ్చేదాకా నాతో మాట్లాడలే.”

నేను పక్కన కూర్చుని కాయలు ఒలవడం మొదలుపెట్టాను. ఆయన చేట నా వైపు జరిపాడు.