తులంన్నర తూటా

మొన్న బాన్సువాడ బస్టాండు పక్క హోటల్లో చాయ తాగుతుంటే, కాలువ సెక్షనుకు కొత్తగా వచ్చిన ఇంజనీరు వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. పాతికేళ్లు దాటి ఉండవు. కాలువ గట్ల మీద తిరిగేటప్పుడు నడుముకు ఉండాలి, ఆదివారం అడవికి పోతే జింక మీద కూడా పనికి రావాలి, అలాంటి రివాల్వర్ ఏ బోరుది కొనమంటారని అడిగాడు. ఆ సంగతి నన్నడిగితే తెలుస్తుందని ఎవరో చెప్పారట. పొలం ఎన్ని గుంటలు, గాదెలో వడ్లు ఎన్ని బస్తాలు, బావి ఎన్ని గజాలు అని ఎవరడిగినా నేను కాదనను. అడిగినవాడు వెళ్లిపోయాక కూడా ఇంకోసారి లెక్కచూసుకుంటాను. ఆ రోజు మాత్రం "నాకు తెలియదు బాబూ" అన్నాను. తెలుసు. అతను అడిగిన ప్రశ్నే ఇరవై ఏళ్ల కింద ఇంకొకడు అడిగాడు. సరైన జవాబు తెలిసి కూడా వాడికి తప్పు జవాబు చెప్పాను. అందుకు ఇప్పటికీ నాకు బాధ లేదు.

నేను బడికి పోలేదు. నిజాంసాగర్ కాలువలు తవ్వే రోజుల్లో సర్వే వాళ్ల వెంట గొలుసు మోసే కూలికి కుదిరాను. వాళ్లు కాగితం మీద వేసే అంకెలను ఇసుకలో పుల్లతో వేసుకుంటూ కూడిక, తీసివేత, ఆ తరువాత భిన్నాలు నాకు నేనే నేర్చుకున్నాను. జుక్కల్ నుంచి నస్రుల్లాబాద్ దాకా పొలం పంచుకునే అన్నదమ్ములు నన్ను పిలిపించేవారు. "గజాలాయన" అని పేరు పడింది. పెళ్లి పీటల మీద కూర్చుని పందిరి తూర్పు వైపు రెండు జానలు తక్కువైందని తన చెవిలో చెప్పానని మా ఇంటావిడ ఇప్పటికీ నలుగురిలో దెప్పుతుంది. తక్కువైన మాట నిజమే.

మా అన్నకు మాత్రం లెక్క అంటే పడదు. ఎడ్లను, మేకలను ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి పిలిచి చూసుకునేవాడు తప్ప, ఇన్ని ఉన్నాయి అని ఎన్నడూ అనలేదు. "పేరు పిలిస్తె పలుకుతది. అంకె పిలిస్తె పలుకుతదా?" అని నన్ను ఆట పట్టించేవాడు. నాకన్నా నాలుగేళ్లు పెద్ద, జానెడు పొడుగు. కాలువ నీళ్లు మా చేలకు అందిన ఆరేడేళ్లకు, అంటే పంతొమ్మిది వందల ముప్పైల చివర్లో, మా ఊరి దొర గారింట్లో వేట సందడి ఎక్కువైంది. కారణం పట్నం నుంచి వచ్చిన అల్లుడు. అడవి ఒక వైపు ఆయన మంచె మీద కూర్చుంటాడు. రెండో వైపు నుంచి ఇంటికొక మనిషి చొప్పున వెట్టికి పోయి, వరుసగా నిలబడి, డప్పులు కొడుతూ కేకలు వేస్తూ జింకలను ఆయన ముందుకు తోలాలి. దాన్ని హాంకా అనేవారు. ఆ రోజు మా ఇంటి నుంచి పోవలసిన వంతు నాది. జుక్కల్‌లో ఒక పొలం కొలిచే పని ఉండి నేను పోలేదు. అన్న పోయాడు.

అల్లుడి దగ్గర అప్పుడున్నది ముప్పై రెండు బోరు రివాల్వర్. అంగుళాన్ని వంద భాగాలు చేస్తే అందులో ముప్పై రెండు భాగాల వెడల్పు తూటా. పాముకో కుక్కకో చాలుతుంది. దాంతో ఆయన కొమ్ముల దుప్పిని కొట్టాడు. కడుపులో తగిలింది కానీ అది పడలేదు, వెనక్కి తిరిగి హాంకా వాళ్ల వైపు దూసుకొచ్చింది. కొమ్ము మా అన్న పక్కటెముకల కింద దిగింది. మూడు రోజులు బతికాడు. రెండో రోజు ఎవరో దొర ఉండే గడీకి పోయి మా ఇంటి గతి చెబితే, అల్లుడు చాయ తాగుతూ, "జింకకు అడ్డం పోతె జింక ఏం చేస్తది?" అన్నాడట. ఆ మాట పొద్దు వాలకముందే మా ఇంటికి చేరింది. అన్న వినకూడదని వదిన లేచి తలుపు దగ్గరికి వేసింది. కానీ అన్న విన్నాడు.

అన్నకు ముప్పై ఒకటి, వదినకు ఇరవై నాలుగు, నాకు ఇరవై ఏడు. అప్పటి నుంచి మూడేళ్లు నేను అల్లుణ్ణి కొలుస్తూనే ఉన్నాను. ఎన్ని అడుగుల దూరంలో నడుస్తాడు, ఏ వారం వస్తాడు, ఏ దారిన పోతాడు. గొడ్డలి పట్టే ధైర్యం నాకు లేదు, అబద్ధమెందుకు. ఉన్నవి అంకెలే. వాటితో మనిషిని ఎలా కొట్టాలో తెలియక తిరుగుతుండగా ఆయనే పిలిపించాడు.

గడీ వాకిట్లో బల్ల మీద మూడు రివాల్వర్లు ఉన్నాయి, పట్నం దుకాణం వాళ్లు చూసి ఎంచుకొమ్మని పంపినవి. ముప్పై రెండు, ముప్పై ఎనిమిది, అంగుళాన్ని వెయ్యి భాగాలు చేసే లెక్కలో నాలుగు వందల యాభై ఐదు బోర్లు. "ఏంరా, అన్ని లెక్కలొస్తయంట గద నీకు? జింక పడాలె, నడుముకు సోకుగ ఉండాలె. గీ మూడిట్ల ఏది మంచిదో తేల్చు" అన్నాడు. నేను ఎవరి తమ్ముణ్ణో ఆయనకు గుర్తు లేదు. అదే నాకు కొమ్ములా దిగింది. "నీ బాంచెన్ దొరా, నాలుగు దినాలు టైమియ్యిండ్రి, కొలిచి చెప్తా" అన్నాను.

నిజంగానే కొలిచాను. పగ ఉన్నా కొలత తప్పుగా తీయడం నాకు చేతకాదు. మా కంసాలి త్రాసులో తూటాల సీసపు ముక్కలు తూచాం. ముప్పై రెండుది అర తులానికి కొంచెం పైన. ముప్పై ఎనిమిదిది ముప్పావు తులం దాటింది. పెద్దదానిది దాదాపు తులంన్నర. దొర గారి జవానుతో బంకమట్టి దిబ్బ మీద ఒక్కో దాంతో మూడేసి దెబ్బలు కాల్పించి, మట్టిలో పుల్ల గుచ్చి లోతు చూశాను. జేబులో పెట్టుకోవడానికి ముప్పై రెండు సరి. నడుముకు కట్టుకుని పొలాల వెంట తిరగడానికి, పందో తోడేలో ఎదురైతే ఆదుకోవడానికి, ఆయన చేతికి ముప్పై ఎనిమిదే తగినది. ఇక జింక సంగతంటారా, పాతిక అడుగులు దాటితే రివాల్వర్ ఏదైనా సరే జింకకు అన్యాయమే, దానికి రైఫిల్ కావాలి. ఇదీ సరైన జవాబు. దీన్ని మనసులోనే ఉంచుకున్నాను.

మొదట నేననుకున్న జవాబు ముప్పై రెండు. మళ్లీ చిన్న తూటా, మళ్లీ గాయం, ఈసారి దెబ్బ తిన్న దుప్పి అల్లుడి మీదికే పోవాలి. ఈ మాట ఒక్కడికే చెప్పాను. తండా మనిషి, అన్నకు దోస్తు, ఆ రోజు హాంకాలో అన్న పక్కన నిలబడ్డవాడు. చెరుకు నరుకుతున్నవాడు కత్తి ఆపాడు.

"గజాలన్నా, దెబ్బ తాకిన దుప్పి మంచె ఎక్కదు. మా దిక్కే ఉరుకుతది. నీ పగకు ఈపారి ఎవల్ని పంపుతున్నవ్? నన్నా, నా కొడుకునా?"

ఎన్ని కొలిచినా, గాయపడిన జంతువు ఎటు పరుగెత్తుతుందో కొలవలేదు నేను. అన్నను పోగొట్టుకుని కూడా ఆ ఒక్క దిక్కు మరిచాను. చెరుకు గట్టు మీద కూర్చుని మళ్లీ మొదటి నుంచి వేశాను. తూటా సరిగా తగిలితే జింక పడుతుంది, అల్లుడికి పేరు వస్తుంది. సగం తగిలితే మన వాళ్లకు చావు. అసలే తగలకపోతే? అప్పుడు జింకా బాగుంటుంది, మన వాళ్లూ బాగుంటారు, నష్టమంతా అల్లుడి పరువుకే. "నాకు గావలసింది గురి తప్పే తుపాకి" అన్నాను. వాడు ఆ రోజు మొదటిసారి నవ్వాడు. "గట్లయితె మస్తుగ డప్పు కొడత" అన్నాడు.

నడుము పట్టీకి కొలత కావాలని చెప్పి, అల్లుడి నడుముతో పాటు మణికట్టు చుట్టూ కూడా గాజులమ్మేవాడిలా దారం చుట్టి చూసుకున్నాను. మా వదిన గాజులు ఆయనకు వదులవుతాయి. పెద్ద రివాల్వర్‌ను నిండా తూటాలతో తూస్తే సేరుంబావు పైనే ఉంది, అది ఆ సన్నటి చేతిలో నిలవదు. "దొరా, పెద్ద చేతులకు పెద్దదే నప్పుతది. చిన్నవి గుమాస్తాలు కట్టుకునేవి" అన్నాను. ఆయన ముప్పై ఎనిమిది వైపు మళ్లీ చూడలేదు.

ఆ తరువాతి వేటకు జిల్లా నుంచి ఒక పెద్ద అధికారి, చుట్టుపక్కల దొరలు నలుగురు వచ్చారు. అల్లుడు మంచె వద్దన్నాడు, కొత్త తుపాకితో నేల మీద నిలబడే కొడతానన్నాడు. తప్పిన తూటాకు మనుషులు అడ్డం రాకుండా, హాంకా వరుసను వాగులోంచి తెచ్చే దారి నేనూ తండా మనిషీ ముందే నడిచి చూసుకున్నాం. గట్టు మనిషిన్నర ఎత్తు. ఆ ఎత్తును మూడుసార్లు కొలిచాను. అల్లుడు నడుస్తుంటే బరువుకు పట్టీ ఒక పక్కకు జారేది. పది అడుగులకోసారి దాన్ని పైకి లాక్కోవడం దొరలు చూశారు, మీసాల చాటున నవ్వుకున్నారు.

డప్పుల మోతకు పెద్ద కొమ్ముల దుప్పి ఒకటి వచ్చి ఇరవై ఐదు అడుగుల దూరంలో నిలబడింది. మొదటి దెబ్బ మోదుగ చెట్టు పైకొమ్మకు తగిలి ఆకులు రాలాయి. రెండోది నేలలో. మూడో దెబ్బకు కళ్లు మూసుకున్నాడు. నాలుగు, ఐదు ఆకాశానికి. ఆరో దెబ్బకు చెయ్యి వెనక్కి ఎగిరి, గొట్టం ఆయన కనుబొమ్మకే తగిలి చింతగింజంత గాయమైంది. దుప్పి ఆరు దెబ్బలూ విని, చెవులాడించి, నడుచుకుంటూ వెళ్లింది. పరుగెత్తను కూడా లేదు.

అధికారి పొట్ట పట్టుకుని నవ్వాడు. "వాహ్ సాబ్! దుప్పికి ఆరు సలాములు కొట్టిండ్రు, అది వాపస్ ఒక్కటన్న కొట్టకపాయె!" అన్నాడు. ఆయన మామగారు, మా దొర, తల పక్కకు తిప్పుకున్నారు. వాగులో హాంకా వాళ్ల నవ్వు కూడా వినిపించింది. పెద్దలే నవ్వుతుంటే వాళ్లను కొట్టేదెవరు? అల్లుడు చుట్టూ చూసి నన్ను పట్టుకున్నాడు. "నువ్వు చెప్పిందే కదరా!" అన్నాడు. మూడేళ్లుగా వెతికిన మాట అప్పుడు నోటికి వచ్చింది. "కొలతల తప్పు లేదు దొరా. చెయ్యే సరిపోలే." అధికారి మళ్లీ నవ్వాడు. ఆ రెండో నవ్వే నన్ను బతికించింది. ఆ తరువాత ఏడాది పాటు దొర మనుషులు నన్ను ఏ పొలంలోనూ అడుగు పెట్టనివ్వలేదు, అది వేరే సంగతి. అల్లుడు మళ్లీ మా వైపు వేటకు రాలేదు. హాంకా ఆగిపోయింది.

ఇంటికి నడిచి రావడం కాదు, ఎగిరి వచ్చాను. వదిన వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. ఒక్కొక్క దెబ్బా ఎటు పోయిందో, ఎవరెలా నవ్వారో అంతా చెప్పాను. చేట ఆపకుండా విన్నది.

"నెత్తురొచ్చిందా?"

"వచ్చింది వదినా. చింతగింజంత."

"నొప్పికి ఏడ్చిండా?"

"లేదు. సిగ్గుకు మొఖం ఎర్రగైంది."

చేట కింద పెట్టింది. "గంతేనా తమ్మీ?" అన్నది. మళ్లీ ఆమే, "మంచి పనే చేసినవ్. ఇగ ఎవల ఇంటి మనిషి గట్ల పోడు. కాళ్లు కడుక్కో, బువ్వ పెడత" అని లోపలికి పోయింది. ఆ పూట ఎప్పటికన్నా ఎక్కువే తిన్నాను. కడుపు నిండింది కానీ, పగ తీరడం ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు.

అల్లుడు పట్నంలో తల నెరిసి, మనవలతో బాగానే ఉన్నాడని విన్నాను. నాకిప్పుడు నలభై తొమ్మిది. ముప్పై ఒకటి దగ్గర ఆగిపోయిన మా అన్న కన్నా నేనే పద్దెనిమిదేళ్లు పెద్దవాణ్ణయ్యాను. కాలం దేన్నైనా తగ్గిస్తుందని అందరూ అంటారు కానీ, ఏటా ఉగాదినాడు నేను ఈ తీసివేత వేసి చూస్తూనే ఉన్నాను, శేషం ప్రతిసారీ ఒకటి పెరుగుతోంది.