పాలరాతి గొర్రెపిల్ల

ఈ మాట ఇన్నేళ్ళుగా గొంతుదాకా వచ్చి ఆగిపోతోంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్‌కి మేం కొత్తగా వచ్చిన రోజులవి. మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత మందిరం లేదు. ఓ పాత రాతి చర్చిలో, అమెరికన్ల ఆరాధన అయ్యాక, మధ్యాహ్నాలు మాకు చోటిచ్చేవారు. ఆ ఆదివారాలు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. బయట మంచు, బేస్‌మెంట్‌లో బిర్యానీ వాసన, పిల్లల పరుగులు. తాళం వేయడానికి ఆగిన డోరతీ గారనే పెద్దావిడ మాతోనే కూర్చుని తినేవారు. వచ్చీరాని తెలుగులో అందరికీ "వందనాలు" చెప్పేవారు.

చర్చి పక్క గుమ్మం పైన, గోడలో, ఓ పాలరాతి గొర్రెపిల్ల. డోరతీ గారి తమ్ముడు చిన్నతనంలోనే పోతే, అతని గుర్తుగా వాళ్ళ నాన్న చెక్కారట. మెడ కింద నల్లగా మసి పట్టేసింది. ఈస్టర్‌కి ఆవిడని సంతోషపెడదామని, ఎవరికీ చెప్పకుండా నిచ్చెనెక్కాను. మన ఇళ్ళల్లో బాత్‌రూమ్ గచ్చు కడిగే యాసిడ్ లాంటిదే హార్డ్‌వేర్ షాపులో కొన్నాను. బ్రష్ పెట్టగానే రాయి బుసబుసా పొంగింది. మురికి పోతోందనుకున్నాను. నీళ్ళు కొట్టి చూస్తే కళ్ళు లేవు. ఉంగరాలు తిరిగిన ఉన్ని లేదు. కింద తమ్ముడి పేరు, అరిగిన సబ్బు మీద అక్షరాల్లా ఉంది.

నేను సివిల్ ఇంజనీర్‌ని. పాలరాతికి యాసిడ్ తగలకూడదని తెలియదా? తెలుసు. మరి ఆ పూట ఆ చదువంతా ఎక్కడికి పోయింది?

తర్వాతి ఆదివారం డోరతీ గారు ఆ గుమ్మం కింద తలెత్తి నిలబడి ఉన్నారు. నన్ను పిలిచారు.

"నువ్వు ఇంజనీర్‌వి కదా. దీనికేమైంది?"

"యాసిడ్ రెయిన్ అండీ. బొగ్గు పొగలో గంధకం ఉంటుంది, అది వానలో కలిసి ఏళ్ళ తరబడి పాలరాతిని లోలోపల తినేస్తుంది. ఆ పైపొర ఇప్పుడు ఊడినట్టుంది."

ఆవిడ ఆ గొర్రెపిల్ల వైపే చూస్తూ అన్నారు.

"మా ఆయన జీవితమంతా బొగ్గు పవర్ ప్లాంట్‌లోనే పనిచేశారు. అంటే, మా నాన్న చెక్కినదాన్ని మా ఇంటి పొగే తినేసిందన్నమాట."

అప్పుడైనా చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా. "అలా అనుకోకండి" అని మాత్రం అన్నాను.

వాన ఆ రాతిని కొంత తిన్నమాట నిజమే. ఆ కొంచెం నిజాన్ని అడ్డం పెట్టుకునే ఇంతకాలం నెట్టుకొచ్చాను. కానీ వాన తరాల తరబడి చేసే పనిని నేను ఒక్క పూటలో చేసేసి, ఆ నింద చనిపోయిన మనిషి మీద ఆయన భార్య చేతే వేయించాను. అంతకుముందు ఆయన జోకులు, ఆయన నైట్ షిఫ్టులు, ఎంత ముచ్చటగా చెప్పేవారో! ఆ తర్వాత ఆయన మాటే ఎత్తలేదు. గమనించాను. గమనించి, ఆవిడ ప్లేట్‌లో ఇంకాస్త బిర్యానీ వడ్డించాను.

డోరతీ గారు పోయి చాలాకాలమైంది. దేవుణ్ణి క్షమాపణ అడిగాను. కానీ నేను మోసం చేసింది ఆయన్ని కాదు కదా.

ఆవిడ భర్త పేరు వాల్టర్. ఆ గొర్రెపిల్ల కళ్ళు తీసింది ఆయన కాదు, నేను. ఈ ఒక్క ముక్క రాశాక ఊపిరి ఆడుతోంది.