పద్మజగారి పై అరలు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూసి నవ్వుకునే మనిషిని నేను. ఇళ్లు సర్దిపెట్టడం నా పని. నాచారంలో ఉంటాను. ఈ ఎనిమిదేళ్లలో చనిపోయినవాళ్ల బీరువాలు కూడా ఎన్నో ఖాళీ చేశాను. దుమ్ముకు తుమ్ములు రావడం తప్ప నాకేమీ కాలేదు.

ఈ పనిలో మన పద్ధతిని ఇంటి మీద రుద్దకూడదు. ఆ ఇంటి మనిషికి తగ్గట్టు మనమే మారాలి. పొడుగువాళ్లకు ఒకలా, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఒకలా సర్దాలి.

పోయిన వేసవిలో ఉప్పల్‌లో పద్మజగారి ఫ్లాట్ ఒప్పుకున్నాను. ఆమెది రైల్వేలో ఉద్యోగం. ఒంటరిగా ఉంటారు, మంచి పొడగరి. వంటగట్టు మీద ఏమీ కనిపించకూడదు, అన్నీ పై అరల్లోకి వెళ్లాలి అని చెప్పి, తాళం ఇచ్చి ఆఫీసుకు వెళ్లిపోయారు. ఒంటిగంటకల్లా డబ్బాలన్నీ పైకెక్కించి ఫోటో పంపాను. బాగుందని జవాబు కూడా వచ్చింది.

సాయంత్రం ఆమె వచ్చేసరికి పై అరలన్నీ ఖాళీ. బియ్యం, పప్పులు, పళ్లేలు అన్నీ నడుముకంటే కింద ఉన్నాయి. డైనింగ్ టేబుల్ గోడకు ఆనించి ఉంది.

"నేనేం చెప్పాను, మీరేం చేశారండీ?" అన్నారు.

నాకు గుర్తున్నది ఒంటిగంట వరకే.

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మా అమ్మకు మతిమరుపు జబ్బు ఇలాగే మొదలైంది. నాకింకా నలభై ఒకటే. ఇద్దరు పిల్లలకు నేను తప్ప ఎవరూ లేరు.

మర్నాడు పీర్జాదిగూడలో ఉండే మా చిన్నమ్మ కూతురు సుజాతను రమ్మని, నామీద ఓ కన్నేసి ఉంచమన్నాను. ఇద్దరం పద్మజగారి ఫ్లాట్‌కు వెళ్లి మళ్లీ అన్నీ పైకెక్కించాం. ఆ తర్వాత నాకు తెలిసింది, సుజాత నా భుజాలు పట్టి కుదపడమే. ఏడుస్తోంది.

"అక్కా, ఎన్నిసార్లు పిలిచినా పలుకుతలేవేంది? అన్నీ నువ్వే కిందికి దించినవ్. నేల మీద కూసొని, ‘ఇది అందుతుందా అమ్మా’ అని ఎవర్నో అడుగుతున్నవ్."

"ఎవర్ని?"

"నాకేం తెలుసు! ఆడ ఎవ్వరూ లేరు."

గబగబా అన్నీ పైన పెట్టేసి, తాళం వాచ్‌మన్‌కిచ్చి వచ్చేశాం. డాక్టరుకు చూపించుకున్నాను. స్కాన్‌లో ఏమీ లేదన్నారు. సంతోషించాలో భయపడాలో తెలియలేదు.

మూడు నెలలకు పద్మజగారు ఫోన్ చేశారు. ఆఫీసుకు వెళ్తుంటే ఆటో బోల్తా పడిందట. వెన్నుపూస దెబ్బతింది. నడుము కింద స్పర్శ లేదు.

"మొదటిరోజు మీరు సర్దారే, అలాగే సర్దాలి. రాగలరా?"

వెళ్లాను. పూర్తి స్పృహలోనే సర్దాను. టేబుల్ గోడకు జరిపితే చక్రాల కుర్చీ సరిగ్గా తిరిగింది. ఆమె ఒక్కో డబ్బా అందుకుని చూసుకున్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు.

"మీకు ముందే తెలుసా? తెలిస్తే ఒక్క మాట చెప్పకూడదా?"

తెలియదని నా పిల్లల మీద ఒట్టు వేశాను. నమ్మినట్టు లేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ నమ్మేదాన్ని కాదు.

ఇప్పుడు ఏ ఇంటికీ ఒంటరిగా వెళ్లను. పని చేస్తున్నంతసేపూ సుజాత నాతో మాట్లాడుతూనే ఉండాలి. ఆ రెండు రోజులు నా చేతులను ఎవరు నడిపించారో నాకు తెలియదు. ఎవరూ నడిపించలేదేమో, నాకే తెలిసి ఉండి చెప్పలేదేమో అనిపించినప్పుడు మాత్రం ఊపిరాడదు.