ఓబులమ్మ గుండె మీద బటన్

మీ ఇంట్లో ఎవరికైనా గుండె దడదడలాడి కళ్లు తిరిగితే ముందు ఎవరి గడప తొక్కుతారు? డాక్టరుదా, మంత్రగాడిదా? నిజం చెప్పండి.

2023 వేసవి. జమ్మలమడుగులో ఒక చిన్న ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సుని. పెద్దముడియం వైపు పల్లె నుంచి ఓబులమ్మ అనే రైతు వచ్చింది. ఆమెకు ఉన్నట్టుండి గుండె పరుగందుకుంటుంది, కాసేపటికి దానంతటదే సర్దుకుంటుంది. మా దగ్గరికి చేరేసరికి ఈసీజీ చక్కగా ఉంటుంది. దాంతో అత్త నరసమ్మ తీర్పు చెప్పేసింది. "మిషన్‌కే చిక్కలేదంటే అది గాలి సోకడమే." ఆదివారం మంత్రగాడి చేత వేపమండలతో కొట్టించాలని నిశ్చయించింది.

అప్పుడే బెంగళూరు కంపెనీ ఒకటి మాకు ఈవెంట్ రికార్డర్లు పరీక్షకు ఇచ్చింది. అగ్గిపెట్టెంత పరికరం. ఛాతీకి అంటించుకుని, దడ వచ్చినప్పుడు బటన్ నొక్కితే, ఆ కాసేపటి గుండె లయను ఫోన్ ద్వారా డాక్టరుకు పంపుతుంది. నొక్కకపోతే ఏమీ పంపదు.

"పల్లెల్లో దీన్ని వాడగలరా సిస్టర్? నాకు పల్లెలకూ పంపాలని ఉంది, పెట్టుబడి పెట్టినవాళ్లు నగరాల్లోనే అమ్మమంటున్నారు" అన్నాడు కంపెనీ ప్రతినిధి.

"గుండె నగరాల్లోనే కొట్టుకుంటుందా బాబూ?" అన్నాను. ఆ రోజే ఓబులమ్మకు అంటించాను.

నరసమ్మ అడ్డు చెప్పలేదు. "పెట్టుకోనీలే సిస్టరమ్మా. ఆదివారం దాకా నీ మిషను, ఆపైన మా మంత్రగాడు."

రెండు రోజులకే డాక్టరు ఫోన్ చేశారు. "ఏమిటమ్మా, బటన్ తెగ నొక్కుతున్నారు, ఒక్కదానిలోనూ జబ్బు లేదు!"

ఊరికి వెళ్తే అసలు సంగతి తెలిసింది. కొత్త బండి వచ్చినా, కొత్త ఫ్రిజ్ వచ్చినా ఇరుగుపొరుగు వచ్చి తాకి చూడటం మా పల్లెల మర్యాద. "నేనేం జేసేది సిస్టరమ్మా? వచ్చినోళ్లంతా కాలింగ్ బెల్లు మాదిరి నొక్కిపోతాండారు" అని ఓబులమ్మ నవ్వింది. నా వెంట వచ్చిన కంపెనీ అతనికి మాత్రం నవ్వు రాలేదు. దడ దొరక్కపోతే ఆమెకు వేపమండలు, అతని పరికరానికి నగరాలే ఖాయం.

ఆదివారం నేనూ వెళ్లి ఓబులమ్మ పక్కనే నిలబడ్డాను. "ఒక్క మండ తగిలినా నేను పోలీసుల్ని పిలుస్తాను" అని మంత్రగాడికి ముందే చెప్పాను. అతను కొట్టలేదు గానీ, మండలు ఊపుతూ గట్టిగా కేకలు పెట్టాడు. ఆ బెదురుకో ఏమో, ఓబులమ్మకు దడ మొదలైంది. ఆమె చేతులు ఇద్దరు ఆడవాళ్లు పట్టుకుని ఉన్నారు. నేను ఆమెను విడిపించేలోపే నరసమ్మ ముందుకు దూకి కోడలి ఛాతీ మీద బటన్ నొక్కింది.

"పో! మంత్రానికి పోకుంటే దీని దెబ్బకైనా పో!"

ఓబులమ్మను పడుకోబెట్టాను. దడ తగ్గింది. నా ఫోన్ మోగింది. "దొరికింది! ఎస్‌వీటీ!" అన్నారు డాక్టరు.

అంటే గుండెలో కరెంటుకు ఒక దొంగదారి ఉందన్నమాట. తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నటి గొట్టం పంపి ఆ దారిని కాల్చేస్తే చాలామందికి పూర్తిగా నయమవుతుంది. ఆ మాటే అందరికీ గట్టిగా చెప్పాను.

"లోపలేదో ఉందని నేను జెప్పలా?" అన్నాడు మంత్రగాడు.

"ఉండేది కరెంటంటనప్పా! నువ్వేమన్నా లైన్‌మెన్‌వా? పో, పో!" అంది నరసమ్మ. వాకిలంతా నవ్వులు. ఓబులమ్మే అందరికంటే గట్టిగా నవ్వింది.

తిరుపతిలో ఆ చికిత్స చేయించుకుని వచ్చింది. మళ్లీ దడ రాలేదు. రోగం కనిపెట్టింది తానేనని నరసమ్మ ఈరోజుకీ ఊరంతా చాటుతోంది. కాదనడానికి నాకు నోరు రాదు. కంపెనీ కొత్త మోడల్లో బటన్ మీద మూత పెట్టింది, పల్లెలకూ పంపుతోంది.

ఆ కేసు నాకు నేర్పింది ఇదే: మూఢనమ్మకం ఎంత గట్టిదైనా, కళ్లెదుట రుజువు పెడితే నరసమ్మలాంటి మనిషి ఒక్క పూటలో మారుతుంది. రుజువు ఊరికి చేరకపోవడమే అసలు జబ్బు. మా చర్చిలో నూనె రాసి గుండెజబ్బు మాన్పుతామన్నవాళ్లకూ నేను ఈ కథే చెప్పాను.

ఇక మీ వంతు. మీ ఇంట్లో దడకు తాయెత్తు కట్టుకున్న చెయ్యి ఎవరిదో ఇప్పుడే చూడండి. ఆ చెయ్యి పట్టుకుని బస్సెక్కించండి. రేపే ఈసీజీ తీయించండి. దానికి చిక్కకపోతే ఊరుకోకండి, చిక్కేదాకా అడగండి.