వాకిట్లోకి ఎండ తెచ్చిన వైనం

ఇంటి ముందు నాలుగు పూలమొక్కలు పెట్టుకోవాలన్న సరదా మీకుంటే ముందు ఇది చదవండి. బంతిమొక్కలు పెట్టి పోలీసుల చేతికి చిక్కిన మనిషి సిరిసిల్ల మొత్తానికి నేనొక్కణ్ణే. అదీ నక్సలైట్ అన్నలూ పోలీసులూ ఊరిని చెరోవైపు లాగుతున్న రోజుల్లో!

మా ఆవిడ పద్మది కోరుట్ల. అత్తగారింట్లో ఆమె ఆడబోయే తొలి బతుకమ్మ అది. పూలకోసం గుట్టలవైపు పోవాలంటే మగవాళ్లకు జంకు. ఎందుకొచ్చావని అన్నలడుగుతారు, ఎవరిని కలిశావని పోలీసులడుగుతారు. అందుకే నేను గొప్పగా ప్రకటించాను, ఈసారి బతుకమ్మ మన వాకిట్లో పూలతోనే అని. పిచ్చిది, నమ్మి వాడంతా చెప్పుకుంది.

మా వాకిలి చూస్తే మీరు నమ్మేవారు కాదు. ఇటు ఇల్లు, అటు మరమగ్గాల షెడ్డు, మధ్యలో మంచం వాల్చేంత జాగా. ఎండ అలా తొంగిచూసి పోయేది. అక్కడున్న పాత సామానంతా తీసేసి, నున్నగా అలికించి, కోసిన నూనె డబ్బాల్లో వరసగా బంతినారు పెట్టాను. మొక్కలు నా నడుము దాకా పెరిగాయి. మొగ్గ మాత్రం లేదు.

"బంతికి ఎండ గావాలె. గీ నీడల ఎట్ల పూస్తది?" అంది పద్మ.

"నేనున్న గద!"

"నువ్వున్నవ్. ఎండనే లేదు."

పౌరుషం వచ్చింది. ఆమె పుట్టింటివాళ్లు పెట్టిన నిలువుటద్దాన్ని డాబా మీదికి మోసుకెళ్లి, ఎండ మొక్కల మీద పడేలా వంచి నిలబెట్టాను. వాకిలంతా వెలుగు! పొద్దు జరిగినకొద్దీ అద్దాన్నీ జరుపుతూ, సూర్యుడికి దారి చూపిస్తున్నంత గర్వంగా అక్కడే కూర్చున్నాను.

వీధి చివర పోలీస్ స్టేషన్ ఉందని, దాని డాబా మీద ఇసుక బస్తాల వెనక సెంట్రీ ఉంటాడని, అద్దం తిప్పినప్పుడల్లా ఆ వెలుగు అతని కళ్లలో కొడుతోందని నాకేం తెలుసు? కాసేపటికి నడివయసు ఎస్సై, వెనక నలుగురు పోలీసులు మా ఇంటి మీదికి వచ్చారు.

"ఎవలకు సైగలు చేస్తున్నవ్‌రా?"

"బంతిమొక్కలకు, సార్."

"మొక్కలకు సైగలు చేస్తవా?"

"సైగ గాదు సార్. ఎండ లేదు, అందుకని..."

ఎస్సై తలెత్తి చూశాడు. పైన మాడు పగిలే ఎండ. ఆయన ముఖం నుంచి చెమట కారుతోంది.

"ఎండ లేదా?" అన్నాడు మెల్లగా. "నడువ్ స్టేషన్‌కు."

అంతలో పద్మ అడ్డం వచ్చింది.

"సార్, గాయినకు గంత తెలివి లేదు సార్! సైగలు జేసే తెలివుంటె బంతి తెచ్చి నీడల పెడ్తడా?"

ఎస్సై మొక్కల్ని చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ మొక్కల్ని చూశాడు. ఆ వాదన ఆయనకు బాగా నచ్చింది. నన్ను వదిలేశాడు కానీ అద్దం జప్తు చేశాడు. "డబ్బాలు గూడ పట్టుండ్రి. పెద్దసార్ అడిగితె ఏం జూపెడ్తం?" అన్నాడు.

మొక్కలు జీపెక్కాయి. పద్మ ఏడ్చింది. వాడలో అందరి ముందు ఆమె మాట పోయినందుకు నాకూ నిజంగానే బాధేసింది.

నెల తిరిగింది. పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే పద్మ ఖాళీ పళ్లెం పట్టుకుని, "నడువ్, అడుగుదాం" అంది. ఆ రోజుల్లో ఎవరైనా తమంతట తాము స్టేషన్‌కు పోతారా? ఆమె వెనక నక్కుతూ వెళ్లాను.

అన్నలకు చాటు ఉండకూడదని స్టేషన్ ఆవరణలో చెట్లన్నీ కొట్టేశారు. అక్కడంతా అడ్డులేని ఎండ. అందులో మా నూనె డబ్బాలు, డబ్బాల నిండా ముద్దబంతులు! ఓ కానిస్టేబుల్ నీళ్లు పోస్తున్నాడు. ఇంకొకతను మా అద్దంలో చూస్తూ గడ్డం గీసుకుంటున్నాడు.

"సార్, అవి మా పూలు" అంది పద్మ.

"కోస్కపో బిడ్డా, అన్ని కోస్కపో" అన్నాడు ఎస్సై.

పళ్లెం నిండి, కొంగు కూడా నిండింది. నాకు ధైర్యం వచ్చి, "మొక్కలు గూడ తీస్కపోమంటరా సార్?" అన్నాను.

"అవి గీన్నే ఉండనీ. నీకిస్తె మల్ల నీడల పెడ్తవ్."

ఆ సాయంత్రం వాడలో అన్నిటికంటే ఎత్తయిన బతుకమ్మ మా పద్మదే. దాన్ని చూస్తూ, పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో సూర్యుడి పనిలో వేలు పెట్టను. పెట్టాలనిపిస్తే ముందుగా స్టేషన్‌లో అనుమతి తీసుకుంటాను.