ఉస్తాద్ ఇచ్చిన ఇనప డబ్బా

మొన్న ఆదివారం మా మనవరాలు వీడియో గేమ్ రిమోట్ తెచ్చి నా ఒళ్ళో పడేసి, చెయ్యి తీసేసినా బొమ్మ దానంతటదే పక్కకి పోతోందని, మాగ్నెట్ సెన్సార్లున్న కొత్తది కొనిపెట్టమని, అవైతే అసలు అరగవట అమ్మమ్మా అని నాకే పాఠం చెప్పింది. నాకు నవ్వాగలేదు. ఆ మాగ్నెట్ సంగతి నాకు చెబుతావుటే గడుగ్గాయీ, మీ అమ్మ ఇంకా బడికెళ్ళే రోజుల్లో అని మొదలుపెట్టేసరికి అది కాస్తా ఫోను పట్టుకుని చక్కాపోయింది. పోతే పోయింది, వినడానికి మీరున్నారుగా.

శ్రీకాకుళం నుంచి పెళ్ళయి సికింద్రాబాద్ వచ్చిన నేను, చదివిన డిప్లొమా వృథా పోనివ్వనని పట్టుబట్టి, మా మేనమామగారి టీవీ రిపేరు కొట్లో కూర్చునేదాన్ని. ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే వేలాడుతున్న కాలమది. ఎదురింటి కుర్రాళ్ళంతా టై కట్టుకుని బేగంపేట ఆఫీసులకి పరిగెడుతుంటే, మేమింకా సోల్డరింగ్ పొగ పీలుస్తూ ఉండేవాళ్ళం. పక్క కొట్టు, మేమంతా చాచా అని పిలిచే పెద్దాయనది. కంటికి భూతద్దం తగిలించుకుని గడియారాలు బాగుచేసేవారు.

చాచా కూతురికి చిన్నప్పుడే పోలియో వచ్చి కాళ్ళూ, ఎడమ చెయ్యీ చచ్చుబడ్డాయి. మిగిలిన కుడిచేత్తో జాయ్‌స్టిక్ పట్టుకుని, ఎవరో వాడి అమ్మేసిన విదేశీ కరెంటు చక్రాల కుర్చీలో తిరిగేది. డిగ్రీ ఫస్టుక్లాసులో ప్యాసై, బేగంపేటలో ఫోన్లమీద మాట్లాడే ఆఫీసులో ఉద్యోగం కూడా తెచ్చుకుంది. లోపలికి తోడు మనుషుల్ని రానివ్వం, నీ అంతట నువ్వే తిరగాలి అన్నదొక్కటే వాళ్ళ షరతు. సరిగ్గా అప్పుడే ఆ కుర్చీకి మాయరోగం పట్టుకుంది. జాయ్‌స్టిక్ వదిలేసినా కుడిపక్కకి లాగడం మొదలెట్టి, ఓరోజు పిల్లని మురిక్కాలువ అంచుదాకా తీసుకుపోయింది.

“ఈ కుర్సీ సీదా అయ్యేదాంక బిడ్డను గడప దాటనియ్య. నౌకరీ పోతే పోనీ,” అన్నారు చాచా.

ఆయన నమాజుకి వెళ్ళగానే ఆ పిల్ల నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. “అక్కా, వచ్చే సోమవారమే జాయిన్ అవ్వాలె. జెర నువ్వే చూడు.” ఆ పట్టు ఇప్పటికీ గుర్తే.

విప్పి చూస్తే లోపల రెండు పొటెన్షియోమీటర్లు. పాత రేడియోలో సౌండు పెంచే బిళ్ళలాంటివే, నల్లటి పట్టీమీద చిన్న లోహపు ముల్లు రాసుకుంటూ తిరుగుతుంది. ఏళ్ళ తరబడి రాసుకుని రాసుకుని పట్టీలు అరిగిపోయి, జాయ్‌స్టిక్ నిటారుగా ఉన్నా కుడికి వంగిందని కుర్చీకి తప్పుడు కబురు పంపుతున్నాయి. ఆ కొలతవి కోఠి సందులన్నీ గాలించినా దొరకలేదు. కంపెనీవాళ్ళేమో మొత్తం యూనిట్ విదేశం నుంచి రావాలి, మూడు నెలలు ఆగమన్నారు. మనిషి ప్రాణంతో పని, మనకెందుకే ఈ తలనొప్పి అని మామయ్య కసిరాడు. నాకు మాత్రం పంతం వచ్చేసింది. రాపిడి లేకపోతే అరుగుడే ఉండదు కదా! జాయ్‌స్టిక్ కింద చిన్న అయస్కాంతం అతికించి, అది ఎటు జరిగిందో తాకకుండానే పసిగట్టే సెన్సార్లు పెడితే సరి.

మొదట పాత కంప్యూటర్ ఫ్యాన్లలోంచి సెన్సార్లు పీకి పెట్టాను. కుర్చీ ఎడ్లబండిలా కుదిపేసింది. అవి ఉందీ లేదూ అని తప్ప ఎంతుందో చెప్పలేవని అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకి. మళ్ళీ కోఠి పరిగెత్తి, దూరాన్నిబట్టి వోల్టేజి పెంచీ తగ్గించీ చెప్పే రకం తెచ్చాను. చాచా మాత్రం తన బల్ల దరిదాపులకి నన్ను రానిచ్చేవారు కాదు. మాగ్నెట్ తగిలితే గడియారాలు పరేషాన్ అయితయని కేకలేసేవారు. శనివారానికి కుర్చీ బుద్ధిగా నడిచింది. సంతోషం పట్టలేక, ఉద్యోగానికి పనికొస్తుందని ఆ పిల్లకో కొత్త హ్యాండుబ్యాగు కొనిచ్చాను.

ఆదివారం పొద్దున కుర్చీ మళ్ళీ కుడికి లాగింది. చాచా వచ్చి నా ఎదుట పీట వేసుకుని కూర్చున్నారు. చక్రాలు నేలకి తగలకుండా కుర్చీని ఇటుకలమీద ఎక్కించి, అతుకులన్నీ మళ్ళీ చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి, చక్రాలు మాత్రం మెల్లగా తిరుగుతూనే ఉన్నాయి. నా చెమట చూసి జాలేసిందేమో, రుమాలు ఇద్దామని ఆ పిల్ల కుర్చీ చేతికి తగిలించిన బ్యాగు తీసింది. చక్రాలు టక్కున ఆగాయి. బ్యాగు మూతకున్నది అయస్కాంతపు బొత్తాం! నేను ముచ్చటపడి కొన్న బ్యాగే నా కొంప ముంచబోయింది.

బ్యాగు తగిలించుకోవద్దంటే సరిపోయేదే. కానీ ఆఫీసులో పక్కనెవరో బ్యాగు పెడితేనో?

చాచా లేచి తన కొట్లోకెళ్ళి, మంచి గడియారాలు దాచుకునే మందపాటి ఇనప డబ్బా తెచ్చారు. పని నేర్పిన ఉస్తాద్ ఆయనకిచ్చిన డబ్బా అది. గడియారాలు రుమాల్లోకి ఒంపి, డబ్బా నా ముందు పెట్టారు. “ఇనుము మాగ్నెట్‌ను మింగుతది బేటీ, లోపలికి రానియ్యది. కొయ్యి.”

నేను తటపటాయించాను. “కొయ్యమంటున్న కదా!” అని గదమాయించి, రంపం పడేవేళకి మాత్రం మొహం అటు తిప్పుకున్నారు. ఆ రేకుతో జాయ్‌స్టిక్ చుట్టూ గోడ కట్టి, జాయ్‌స్టిక్ నడిమి స్థానం మళ్ళీ సరిచేసి, బ్యాగు తగిలించి చూశాం. చక్రం కదల్లేదు.

సోమవారం ట్రాలీ ఆటోలో కుర్చీ ఎక్కించుకుని బేగంపేట వెళ్ళాం. గేటు దగ్గర చాచా అలవాటుగా కుర్చీ వెనక పట్టుకోబోయారు. “వదిలెయ్యి అబ్బాజాన్, నేను పోత,” అందా పిల్ల. ఎక్కడా వంకర పోకుండా లోపలికెళ్ళిపోయింది. ఇన్నేళ్ళూ ఆమెని మోసిన ఆ రెండు చేతులూ గాలిలో అలాగే ఉండిపోతే, నేను ఏడ్చేశాను.

చాచా ఇప్పుడు లేరు. మా కొట్లు రెండూ కలిసి ఫోను కవర్ల దుకాణం అయిపోయాయి. మనవరాలికి కొత్త రిమోట్ కొనిచ్చాను. దాన్ని విప్పుదామంటే మరమేకైనా కనబడదు. మాగ్నెట్ సెన్సార్లు, చుట్టూ రేకు, అన్నీ అందులో తయారుగానే ఉండి ఉంటాయి. ఆ రేకు కోస్తున్నప్పుడు మాత్రం ఎవరూ మొహం తిప్పుకుని ఉండరు.