నేను ఉండని ఉపవాసం

పదమూడేళ్ళు ఒక మాట నా గొంతులో అడ్డంగా ఉండిపోయింది. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె కోసం చెయ్యి చాచినప్పుడల్లా పైకి వచ్చేది. మింగేసేదాన్ని. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది విజయవాడ. మా సంఘంలో స్త్రీల సమాజానికి నేను పెద్దను. సుగుణ మా మరిది భార్య. పామర్రు దగ్గర రైతు కుటుంబంలో పుట్టింది. మరిదిని ఇష్టపడి చేసుకుని సంఘంలోకి కొత్తగా వచ్చింది. పాటలు రాక పెదవులు మాత్రం కదిపేది. నేను మెచ్చుకుంటే చాలనుకునేది. అది నాకు తెలుసు. బాగుండేది కూడా.

ఆ ఏడు ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలంలో నలభై రోజులూ సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టనని అందరి ముందూ చెప్పాను. వెంటనే సుగుణ కూడా చేయెత్తింది. ఆమెకప్పుడు ఐదో నెల. కడుపుతో ఉన్నవాళ్ళు ఉండనక్కర్లేదని పాస్టరుగారు చెప్పనే చెప్పారు.

నాలుగో రోజుకే నావల్ల కాలేదు. ఆటోనగర్‌లో మావారి షెడ్డుకు మధ్యాహ్నం క్యారేజీ తీసుకెళ్ళేదాన్ని. ఓ మూల కూర్చుని అందులో సగం నేనే తినేదాన్ని.

"ఏమండోయ్ సమాజం పెద్దగారూ, దేవుడు ఆటోనగర్ దాకా రాడా?" అని ఆయన నవ్వేవారు.

నేనూ నవ్వేదాన్ని. సాయంత్రం నీరసంగా నడుచుకుంటూ చర్చికి వెళ్ళేదాన్ని. అది నటనేనా? ఆ కాసేపూ నిజంగానే నీరసంగా అనిపించేది. మనిషి తనను తాను అంతగా నమ్మించుకోగలదా?

రెండో వారంలో ఒకరోజు సుగుణ వచ్చి మా వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"కళ్ళు తిరుగుతున్నాయక్కా. డాక్టరమ్మ వేళకి తినమంటోంది. మానేస్తే దేవుడికి కోపమొస్తుందా?"

"మానేస్తే మానెయ్, నీ ఇష్టం. నేనుండట్లా?"

"నువ్వున్నావనేగా నేనూ ఉంటున్నది. కార్తీక సోమవారాలు ఉన్నదాన్నే, ఇదెంతలే అనుకున్నా."

"మరింకేం. ఆయనే చూసుకుంటాడు."

నేను తిని అప్పటికి గంట కూడా కాలేదు.

ఆమె నలభై రోజులూ ఉంది. పాప తక్కువ బరువుతో పుట్టింది. మాటలు ఆలస్యంగా వచ్చాయి. ఇప్పుడు పన్నెండేళ్ళు. నిన్న నేర్చుకున్న అక్షరం ఇవాళ మళ్ళీ కొత్తే.

కిందటి నెల మా స్త్రీల కూడికకు ఒక డాక్టరుగారిని పిలిచాం. కడుపులో బిడ్డ మెదడు ఎదగడానికి తల్లి తిండే ఆధారమని చెప్పారు. జన్యువులు మారకపోయినా, వాటిలో ఏవి పనిచేయాలి, ఏవి ఊరుకోవాలి అన్నదాని మీద కూడా ఆ తిండి ప్రభావం ఉండవచ్చట. తర్వాత నేను విడిగా, ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. ఒక బిడ్డను చూపించి ఇందువల్లే అని చెప్పలేమమ్మా, చాలా కారణాలుంటాయి అన్నారు. నా మనసు తేలికపడాలి కదా? పడలేదు. వెనక బెంచీలో సుగుణ ఏడుస్తోంది.

"నేనే కదక్కా తినంది" అంది.

వీపు నిమిరి, దేవుని చిత్తం అన్నాను. ఎంత సులువుగా అన్నాను!

బైబిల్లో పిల్లలు లేని ఒక స్త్రీకి దూత కనబడి, పుట్టబోయే బిడ్డ కోసం ఏం తాగకూడదో, ఏం తినకూడదో చెప్పి వెళ్ళిన సంగతి సండే స్కూలులో ఎన్నిసార్లు చెప్పి ఉంటాను? తల్లి నోటికి అందేది కూడా దేవుడికి పట్టింపేనని ఆ వాక్యంలోనే ఉంది. నేర్పుతూనే ఉన్నాను, నేను మాత్రం వినలేదు. తప్పు ఆయన మీదికి నెట్టాను.

మావారు పోయి రెండేళ్ళు. ఆ క్యారేజీ సంగతి ఎరిగినవాళ్ళు ఇంకెవరూ లేరు. చర్చి నిండా జనం వందనాలమ్మా అని పలకరిస్తుంటే, వాళ్ళు పలకరిస్తున్నది నన్ను కాదనిపించేది.

నిన్న సుగుణ ఇంటికి వెళ్ళి చెప్పేశాను. ఆమె చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఒలవడం ఆపలేదు.

"నేనొచ్చి అడిగిన ఆ రోజు ఏం తిన్నావక్కా?" అంది, తలెత్తకుండా.

నాకు గుర్తుంది. వంకాయ కూర, పెరుగన్నం. అదీ చెప్పాను.

క్షమించాననలేదు. నేను అడగనూ లేదు. లోపల్నించి పాప పిలిస్తే లేచి వెళ్ళింది, మళ్ళీ బయటికి రాలేదు. నేను వాళ్ళ మేడమెట్లు సగం దిగి అక్కడే కూర్చుండిపోయాను. ఆమె నాతో ఇక మాట్లాడుతుందో లేదో తెలియదు. దాచడానికి మాత్రం ఇంకేమీ మిగల్లేదు.